మామ్మ చెప్పులు విడిచిన ఊరు

టెక్సాస్‌లో, మా ప్లేనోలో ఇండియన్ షాపుకి వెళ్తే, బియ్యం బస్తాలు దాటాక, ప్రెషర్ కుక్కర్లకీ అప్పడాల కర్రలకీ మధ్య ఒక ప్లాస్టిక్ తొట్టి కనిపిస్తుంది. దాన్నిండా నీలం పట్టీల హవాయి చెప్పులు, జతకో దారం కట్టి పడేసి ఉంటాయి. మా ఆయన బెండకాయల తోకలు విరిచి చూసుకుంటూ ఉండగా, నేను ఎవరూ చూడకుండా ఒక జత తీసి వాసన చూస్తాను. యాభై దాటిన ఆడది నలుగురు తిరిగే షాపులో నిలబడి చెప్పుల వాసన చూడటం ఏం బాగుంటుంది చెప్పండి. పోయిన వారం మా అమ్మాయి చూడనే చూసింది, "మామ్, ఆర్ యూ ఓకే?" అని అడిగింది. ఓకేనే. ఆ కొత్త రబ్బరు వాసన తగలగానే నాకు తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి, ఇటుకలు పరిచిన వీధి ఒకటి అరికాళ్ళకి వెచ్చగా తగులుతుంది, గుండె ఒక్కసారి జారిపోయి మళ్ళీ కుదుటపడుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

అలాంటి చెప్పులు మా మామ్మ వేసుకునేది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళపాటు బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. అంటే, బైబిలూ పలకా బలపాలూ ఉన్న గుడ్డసంచీ చంకన తగిలించుకుని, పొద్దున్నే బయల్దేరి పొలంగట్ల మీద ఊరినుంచి ఊరికి నడిచి, ఆడవాళ్ళని అరుగుమీద కూర్చోబెట్టుకుని నాలుగు అక్షరాలు దిద్దించి, ఒక వాక్యం చెప్పి, ఒక ప్రార్థన చేసి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరడం ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా కాళ్ళు రిటైరవలేదు. అలాంటి మనిషిని మా నాన్నగారు ఏరికోరి నవంబరు నెలలో మిషిగన్ రప్పించారు.

అది ఎనభైల మొదట్లో మాట. మేముండే నోవైలో అప్పటికి తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నాన్నగారు కార్ల తలుపులకి తాళాలు డిజైన్ చేసే ఇంజినీరు. మా ఇంటిముందు రెండు కార్లుండేవి, ఇంటి చుట్టూ మైలు దూరం దాకా నడిచే మనిషి ఒక్కడు ఉండేవాడు కాదు. పాలకి కారు, బడికి బస్సు, చర్చికి కారు, రెండిళ్ళ అవతల ఆంటీ వాళ్ళింటికి కూడా మంచులో కారే. మామ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని తెల్లటి రోడ్డు చూస్తూ కూర్చునేది. కూర్చోలేక బేస్‌మెంట్‌లోకి దిగి, బట్టలు ఉతికే మెషిను చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరిగేది, నూరు చుట్లు, వేళ్ళ కణుపులమీద లెక్క పెట్టుకుంటూ. దేవుడు ఈ దేశంవాళ్ళకి కాళ్ళెందుకు ఇచ్చాడో చచ్చాక అడుగుతాననేది.

క్రిస్మస్‌కి అరిసెలు వండింది. బెల్లం దొరకలేదు, అమ్మ బ్రౌన్ షుగర్ డబ్బాలు నాలుగు తెచ్చింది. మొదటివాయి పాకం ముదిరి అరిసెలు పెంకుల్లా వచ్చాయి, రెండోవాయి నూనెలో విడిపోయి రేణువులయ్యాయి, మూడోదానికి మామ్మ ఆ పంచదార గుణం కనిపెట్టేసింది. పదిహేనుమంది తెలుగువాళ్ళం మా ఇంట్లో చేరి, పాత కీర్తనలు హార్మోనియం లేకుండానే పాడుకుని, కోడికూరా గారెలూ తిని, చివర్న ఆ అరిసెలు తిన్నాం. ఇల్లంతా కాగిన పంచదార వాసన వారంరోజులు పోలేదు. మామ్మ ఆ చలికాలమంతటిలో మనస్ఫూర్తిగా నవ్వడం నేను చూసింది ఆ వారంలోనే.

ఫిబ్రవరిలో ఒకరోజు ఉండబట్టలేక, నాన్నగారి ఊలు కోటు తొడుక్కుని, మేజోళ్ళమీదే హవాయి చెప్పులు వేసుకుని, బొటనవేలి దగ్గర మేజోడు ముడుచుకుపోయి పక్షి కాలులా ఉండగా, రోడ్డుమీద నడవడానికి బయల్దేరింది. నాలుగిళ్ళు దాటేలోపే ఎవరో అమెరికా ఆయన కారు ఆపి, ఈవిడెక్కడినుంచో తప్పించుకొచ్చిందనుకుని, చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని, ఇంటింటికీ ఆగి అడుగుతూ మా ఇంట్లో దింపి వెళ్ళాడు. పాపం మంచివాడే. మామ్మ మాత్రం అవమానంతో రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నడిచేవాళ్ళని పట్టుకుపోయే దేశం ఎక్కడైనా ఉందా, నన్ను ఇంటికి పంపించెయ్యండ్రా అంది. ఆరు నెలలకని వచ్చిన మనిషి మూడు నెలలకే పెట్టె సర్దింది. భోజనాల దగ్గర నాన్నగారి ముఖం నాకిప్పటికీ గుర్తే.

అప్పుడు ఆఫీసులో ఎవరో చెప్పారట, జార్జియాలో సవన్నా అని ఒక పాత ఊరుందనీ, రెండొందల ఏళ్ళ కిందటి ఇళ్ళూ వీధులూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయనీ, ఆ ఊరు కారులో చూసేది కాదు, నడిచి చూసేదనీ. కొత్తగా పెళ్ళయినవాళ్ళు చేతులు పట్టుకుని తిరిగే ఊరట. నాన్నగారు ఆ చివరిమాట దాచేసి, మిగతాది మామ్మకి చెప్పారు. ఈస్టర్ వెళ్ళాక వారం రోజులు సెలవు పెడతాను, ఊరు చేరిన నిమిషం నుంచి కారు ముట్టను, నీ ఇష్టమొచ్చినంత నడువు, ఆ తర్వాత కూడా పోతానంటే టిక్కెట్టు మార్పిస్తాను అన్నారు. మామ్మ సరేనంది. అంచేత మాకది సరదా ప్రయాణమే గానీ, మా నాన్నగారికి సరదా కాదు. ఊరు బాగుంటే వాళ్ళమ్మ ఉంటుంది, లేకపోతే వెళ్ళిపోతుంది.

రెండు రోజుల డ్రైవ్. వెనకసీటు నిండా పులిహోర డబ్బాలు, చింతకాయ పచ్చడి, కందిపొడి, రైస్ కుక్కర్. కాళ్ళు పెట్టుకోవడానికి చోటులేక నేను మామ్మ ఒళ్ళో తలపెట్టి పడుకున్నాను. ఒహాయోలో మంచు, కెంటకీలో బురద, టెనెసీ కొండల్లో పచ్చటి చిగుళ్ళు, జార్జియా వచ్చేసరికి కిటికీలు దింపేశాం. అమ్మ దారిలో ఒక కాయితం మీద మోటెల్ పేరూ అడ్రసూ రాసి, ఊళ్ళో ఎటైనా తప్పిపోతే పనికొస్తుందని మామ్మ చీరకి లోపలివైపు పిన్నీసుతో గుచ్చబోయింది. "నేనేమన్నా పోస్టు పార్సిలునా అమ్మాయ్?" అంది మామ్మ. కాయితం మడతపెట్టి అమ్మ తన హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకుంది.

సవన్నా ఊరిని గళ్ళు గీసి కట్టారు. రెండు వీధులు నడిస్తే ఒక చెట్ల తోట, మరో రెండు వీధులు నడిస్తే మరోటి, వాటిని స్క్వేర్లంటారు. ప్రతి స్క్వేరులోనూ ఇటుక బాటలు, బెంచీలు, మధ్యలో ఒక విగ్రహమో ఫౌంటెనో, చుట్టూ ఇనప కటకటాల మెట్లున్న పాత మేడలు. అన్నింటిమీదా పెద్దపెద్ద ఓక్ చెట్ల కొమ్మలు కలుసుకుని పందిరి వేసినట్టుంటే, ఆ కొమ్మలనుంచి బూడిదరంగు నాచు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంటుంది. ముసలమ్మలందరూ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టుందే అంది మామ్మ. కిందంతా గులాబిరంగు పూలపొదలు విరగబూసి ఉన్నాయి. మంచునుంచి వచ్చిన కళ్ళకి ఆ రంగులు కాసేపు ఆనలేదు.

నాన్నగారు అన్నమాట ప్రకారం కారు తాళాలు మోటెల్ గది సొరుగులో పడేశారు. అమ్మ గదిలో అన్నం వండుతూ, వాసన బయటికి పోకుండా తలుపు సందులో తువ్వాలు కుక్కింది. మేం పొద్దున్నే ఇంత పెరుగన్నం తిని రోడ్డెక్కేవాళ్ళం. మామ్మ ముందు, మేం వెనక. ఊలు కోటు లేదు, మేజోళ్ళు లేవు, తెల్లచీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎన్నాళ్ళనుంచో ఆ ఊళ్ళోనే ఉన్నట్టు నడిచేది. ఎదురొచ్చినవాళ్ళందరూ గుడ్ మార్నింగ్ చెప్పేవారు. ఈవిడ తలవంచి వందనాలు చెప్పేది. నది ఒడ్డుకి దిగే మెట్లు ఆ ఊరివాళ్ళే పట్టుకుని దిగుతారు, అంత నిటారు. మామ్మ చేపల రేవులో మెట్లు దిగినట్టు దిగింది. కిందంతా పాత ఓడల్లో బరువుకోసం వేసుకొచ్చిన గుండ్రాళ్ళు పరిచి ఉన్నాయి. అక్కడ కుడికాలి చెప్పు పట్టీ ఊడింది. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, ఊడిన బుడిపెని కన్నంలోంచి లాగి, అడుగున అడ్డంగా గుచ్చేసి, రెండు నిమిషాల్లో మళ్ళీ నడక మొదలుపెట్టింది. తాళాలు డిజైన్ చేసే మా నాన్నగారు ఆ పని చూసి మెచ్చుకున్నారు.

నది పక్క వీధంతా పంచదార పాకం వాసన. పెకాన్ పప్పులు పాకంలో వేసి, పాలరాతి బల్లమీద గరిటెతో పోసి బిళ్ళలు చేసి అమ్ముతున్నారు. మామ్మ గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి, పాకం ముదరనిచ్చారే అంది. తిని చూస్తే నిజంగానే కాస్త ముదిరింది. ఇంకోచోట ఉప్పువేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కాయితం పొట్లాల్లో అమ్ముతుంటే, వీళ్ళు మనవాళ్ళేరా అని అక్కడే తీర్మానించేసింది. మధ్యాహ్నం స్క్వేరులో బెంచీమీద కూర్చుని, ఇటుకల గళ్ళే గీతలుగా పెట్టుకుని నాతో తొక్కుడుబిళ్ళ ఆడింది. పెంకుముక్క విసిరి, చీర పట్టుకుని, ఒంటికాలిమీద గెంతుతున్న డెబ్భై ఏళ్ళ మనిషిని చూసి పక్కబెంచీవాళ్ళు చప్పట్లు కొట్టారు. పంపించెయ్యండ్రా అన్నమాట ఆ రెండు రోజుల్లో మళ్ళీ రాలేదు. నాన్నగారూ అమ్మా మా వెనకాల చేతులు పట్టుకుని నడవడం కూడా నేను ఆ ఊళ్ళోనే చూశాను.

అంతా బాగానే ఉంది, ఒక్క చెప్పుల సంగతి తప్ప.

మావైపు చర్చిలో చెప్పులతో అడుగుపెట్టరు. గుమ్మం బయట విడిచి, లోపల చాపలమీద కూర్చుంటారు. నోవైలో మేం వెళ్ళే అమెరికన్ చర్చికి మంచుబూట్లతోనే వెళ్ళాలి కాబట్టి అక్కడ మామ్మ సంగతి బయటపడలేదు, ఇంట్లోనే మోకరించేది. సవన్నాలో ఏ స్క్వేరు చూసినా ఓ చర్చి. గుమ్మం కనపడితే చాలు, చెప్పులు మెట్టుపక్కన విడిచి, రెండూ ఒకదానికొకటి ఆనించి, వచ్చేటప్పుడు సులువుగా తొడుక్కోవడానికి ముందు వేళ్ళు వీధివైపు తిప్పిపెట్టి, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళేది. ఆఖరికి టిక్కెట్టు పెట్టి చూపించే పాత మేడల ముందు కూడా అంతే. ఎవరి ఇల్లయితేనేం, ఇల్లే కదా అనేది.

మూడోరోజు పొద్దున ఒక పెద్ద చర్చికి వెళ్ళాం. నేను మెట్లమీద కూర్చుని ఉన్నాను. నా ఈడు అమ్మాయిలు ఇద్దరు, తెల్లటి సాక్సు, రిబ్బన్లు, వాళ్ళమ్మతో వచ్చి, ఆ నీలం పట్టీల చెప్పులు చూసి నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. అందులో ఒకతి పిన్నీసు ఉన్న చెప్పు బూటుకొనతో కాస్త కదిలించి, ఇవెవరివి అని నన్నడిగింది. నాకు తెలీదన్నాను. యేసుని ఎరగనన్న పేతురుకి కోడి కూసింది; నాకు స్క్వేరు అవతల గుర్రబ్బండి గంట మోగింది. చెవులు వేడెక్కిపోయాయి. మామ్మ బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే, ఆ సిగ్గంతా ఆవిడమీదికి తిప్పేశాను. నా అమెరికా తెలుగులో ఎంత కటువుగా అన్నానో, ఇన్నేళ్ళయినా ఆ మాటలు అలాగే ఉన్నాయి.

"మామ్మా, షూస్ బయట లీవ్ చెయ్యొద్దు. ఇక్కడ ఎవరూ చెయ్యరు. అందరూ లాఫ్ చేస్తారు, నాకు ఎంబరాసింగ్."

ఆవిడకి అందులో ఇంగ్లీషు ముక్కలు అర్థమై ఉండకపోవచ్చు. నా ముఖం మాత్రం అర్థమైంది. సరేనమ్మా అంది, అంతే.

మధ్యాహ్నం నాన్నగారూ అమ్మా ఒక పాత మేడ చూడబోతే, మామ్మ రానంది. ఎప్పుడూ ముందుండే మనిషి, చెప్పులు విడవకుండా ఒకరింట్లోకి వెళ్ళలేక రానందని నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు. వేరుశనక్కాయల పొట్లం చేతికిచ్చి, ఎదురుగా స్క్వేరులో బెంచీమీద కూర్చోబెట్టి, మామ్మని చూస్తూ ఉండు రూతూ, ఎటూ పోకు అని నాన్నగారు నాకు చెప్పి వెళ్ళారు. నేను కాసేపు కూర్చున్నాను. మామ్మ కాయలు ఒలిచి గింజలు నా చేతిలో పెడుతోంది. తీసుకోకుండా ముఖం తిప్పుకున్నాను. ఇంతలో గుర్రబ్బండి ఒకటి వచ్చి వీధిచివర ఆగింది. గుర్రానికి నీళ్ళు పెడుతున్నారు. చూద్దామని లేచి వెళ్ళాను. గుర్రం బకెట్టు మొత్తం తాగేదాకా, బండివాడు నాతో దాని మెడ నిమిరించేదాకా ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ.

బెంచీ అదే. అందులో అనుమానం లేదు, ఎందుకంటే వేరుశనగ తొక్కలు పొట్లంలోకే ఎత్తి, ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టి ఉంది. మామ్మ మాత్రం లేదు. చుట్టూ చూశాను, పిలిచాను. చెట్లకింద ఎవరెవరో కూర్చుని ఉన్నారు, తెల్లచీర లేదు.

నాన్నగారు బయటికొచ్చి మామ్మ ఏదే అని అడిగారు. ఒక్క నిమిషం గుర్రం చూడ్డానికి వెళ్ళానని చెప్పాను. పొద్దుటి మాట చెప్పలేదు, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆయన అమ్మని బెంచీ దగ్గరే ఉండమని, నా చెయ్యి పట్టుకుని గబగబా నడిచారు. ఒక స్క్వేరు, ఇంకో స్క్వేరు. పొద్దుటిదాకా ఒకదానికొకటి పోలి ఉండటమే వాటి అందం అనుకున్నాం. ఇప్పుడు అదే భయమైపోయింది. అదే చెట్లు, అదే నాచు, అవే బెంచీలు. ఏది వెతికామో ఏది వెతకలేదో తెలియడం లేదు. చీర అంటే ఎవరికీ తెలీదు, తెల్లబట్ట చుట్టుకున్న పెద్దావిడ అని నాన్నగారు చేతులతో చూపిస్తున్నారు. గుర్రబ్బండివాళ్ళు చూడలేదన్నారు. ఒక పోలీసాయన దొరికితే, ఆవిడకి ఇంగ్లీషు వచ్చా, ఎక్కడ దిగారో ఆవిడకి తెలుసా అని అడిగాడు. థాంక్యూ ఒకటి వచ్చు, మోటెల్ పేరు రాదు అన్నారు నాన్నగారు. అడ్రసు కాయితం అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

గంట దాటిపోయింది. ఫిబ్రవరిలో మంచులో ఆవిణ్ణి ఎవరో ఎక్కించుకొచ్చిన కారు గుర్తొచ్చింది. ఇక్కడ ఎక్కించుకుంటే ఏ ఇంటికి తెస్తారు? చొక్కా తడిసిపోయి, నది మెట్ల దాకా వెళ్ళి కిందికి తొంగి చూసి, మళ్ళీ వెనక్కి వస్తున్నారు నాన్నగారు. నేను లోలోపల ప్రార్థన చేస్తున్నాను, ఇకమీద ఎవరడిగినా అవి మా మామ్మ చెప్పులే అని చెప్తానని దేవుడితో బేరమాడుతున్నాను. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. మామ్మ ఎక్కడికి వెళ్ళినా గుమ్మం ముందు చెప్పులుండేవి. అవి కనపడితే ఆవిడ లోపలున్నట్టే. ఆ గుర్తుని నేనే వద్దన్నాను. సరేనమ్మా అంది కూడా.

నాన్నగారు మనుషుల ముఖాలు చూస్తూ నడుస్తున్నారు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేదు, అందుకని తలవంచుకుని నేల చూస్తూ నడిచాను. ఇటుకలు, రాలిన పూలు, ఇనప మెట్లు, ఇటుకలు. పెద్దమేడలు అయిపోయి చిన్న చిన్న చెక్క ఇళ్ళ వీధి వచ్చింది. అక్కడ ఒక చిన్న ఇటుక చర్చి, ముందు మూడే మెట్లు, రంగు వెలిసిన తలుపు సగం తీసి ఉంది. కింది మెట్టు పక్కన, ఒకదానికొకటి ఆనుకుని, వేళ్ళు వీధివైపు తిరిగి, నీలం పట్టీల చెప్పులు. కుడిదాని అడుగున పిన్నీసు.

నాన్నగారి చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన చూశారు. చూసి, నడుస్తున్న మనిషి ఉన్నచోటే ఆ మెట్టుమీద కూలబడిపోయి, ఒక చెప్పు చేతిలోకి తీసుకున్నారు. పోయిన ప్రాణం తిరిగిరావడమంటే ఏమిటో నాకు ఆ మాట తెలియక ముందే తెలిసింది. కళ్ళు తుడుచుకున్నాకగానీ మామ్మ చెప్పుల పక్కనే ఇంకో జత ఉందని మేం గమనించలేదు. నల్లటి తోలు బూట్లు, ఆడవాళ్ళవి, మడమలు అరిగినా మెరిసేలా పాలిష్ పెట్టినవి, అవీ అలాగే వేళ్ళు వీధివైపు తిప్పి. నాన్నగారు తన బూట్ల లేసులు విప్పుకుని వాటి పక్కన పెట్టారు. నేనూ పెట్టాను.

లోపల చల్లగా ఉంది. ముందు బెంచీలో మామ్మా, మామ్మ ఈడు నల్లజాతి పెద్దావిడ ఒకరూ పక్కపక్కన కూర్చుని, ఈస్టర్‌కి వేసిన తెల్ల గుడ్డలు మడతలు పెడుతున్నారు. ఈ కొసలు ఈవిడ, ఆ కొసలు ఆవిడ. ఆవిడ పాదాలకి మేజోళ్ళు మాత్రమే ఉన్నాయి. తర్వాత ఆవిడే నాన్నగారికి చెప్పింది: గుడ్డలు తియ్యడానికి లోపలికి వచ్చేసరికి ఎవరో పెద్దమ్మ వట్టి కాళ్ళతో మోకరించి ఉందట, ముప్పై ఏళ్ళనుంచీ ఈ చర్చిలో తిరుగుతున్నదాన్ని బూట్లతో నిలబడి ఉన్నానే అని సిగ్గేసిందట, బయటికి వెళ్ళి విడిచి వచ్చిందట. ఇద్దరికీ కలిసింది ఆమేన్, హల్లెలూయ, రెండే మాటలు. వాటితోనే గంటన్నర గడిపారు.

మామ్మ తలతిప్పి, చెమటలు కారుతున్న కొడుకుని చూసి, తాపీగా అంది:

"తప్పిపోయింది మీరేగా, నేనిక్కడే ఉన్నా. ఎండ తగ్గాక వద్దామనుకుంటుంటే, ఇంతలోకే పరిగెత్తుకొచ్చారేంట్రా?"

నాన్నగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ పక్కన కూర్చుని, భుజంమీద తలపెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పెద్దావిడ సంచీలోంచి పెకాన్ బిళ్ళలు తీసి అందరికీ పెట్టింది. మామ్మ కొరికి చూసి, ఈ పాకం కుదిరింది అంది. అమ్మని తీసుకురావడానికి నాన్నగారు పరిగెత్తారు. బూట్లు మెట్లదగ్గరే మర్చిపోయి, మేజోళ్ళతోనే అంతదూరం వెళ్ళి, అలాగే తిరిగొచ్చారు. అమ్మ గుమ్మంలో ఏడుస్తూ నవ్వుతూ తన చెప్పులు విప్పింది.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా మామ్మా నేనూ బయటి మెట్టుమీద కూర్చున్నాం. అయిదు జతలు వరసగా ఉన్నాయి. నేను పొద్దున అన్న మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదని నాకు అర్థమైంది. చెప్పదని కూడా అర్థమైంది. సారీ మామ్మా అన్నాను. ఆవిడ పిన్నీసు సరిచేసుకుంటూ, తలెత్తకుండానే అంది:

"నువ్వు చెప్పావని, విందామనే అనుకున్నానే రూతమ్మా. గుమ్మం కాడికొచ్చేసరికి కాళ్ళు వినలేదు."

మర్నాడూ ఆ మర్నాడూ హాయిగా తిరిగాం. నాన్నగారికి ఎంత తేలికపడిందంటే, తిరుగు దారంతా పాటలు పాడుతూ కారు నడిపారు. మామ్మ ఆరు నెలలూ ఉంది. మే నెలలో వెళ్ళే ముందు మా వీధివాళ్ళకి సాయంత్రాలు నడవడం అలవాటు చేసి మరీ వెళ్ళింది. ఫిబ్రవరిలో కారు ఆపి మామ్మని తీసుకొచ్చిన ఆయన కూడా భార్యతో నడిచేవాడు.

ఇప్పుడు మామ్మ లేదు, నాన్నగారూ లేరు. నాలుగేళ్ళ కిందట మా ఆయనతో సవన్నా వెళ్ళి రెండు రోజులు నడిచాను. చెట్లూ నాచూ అలాగే ఉన్నాయి. చెక్క ఇళ్ళ వీధి దొరకలేదు, లేదా గుర్తుపట్టలేని హోటళ్ళుగా మారిపోయింది. ఆ చర్చి పేరు మేం ఎవరం అప్పుడు అడగలేదు. వేరుశనక్కాయల పొట్లాలు కూడా కనపడలేదు. ఇప్పుడు తప్పిపోవడమన్నదే లేదు. మా అమ్మాయి ఎక్కడుందో నా ఫోనులో చుక్కలా కనిపిస్తూనే ఉంటుంది, కాలేజీలో, ఫ్రెండ్ ఇంట్లో, రోడ్డుమీద. ఆ చుక్కని చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది గానీ, నా గుండె మాత్రం కుదుటపడదు.

పోయిన వారం షాపులో అమ్మాయి చూసేసింది కాబట్టి, ఇక సిగ్గెందుకని ఆ జత కొనేశాను. మా ఇంట్లో ఎవరూ తొడుక్కోరు, గుమ్మం బయట పక్కన ఉన్నాయి. మొన్న సాయంత్రం అమ్మాయి రావడం ఆలస్యమైంది, వాన పడుతోంది, ఫోను చార్జ్ అయిపోయి చుక్క కూడా ఆగిపోయింది. నేను వంటింట్లోకీ కిటికీ దగ్గరికీ పదిసార్లు తిరిగాను. చివరికి తలుపు తీసి బయటికి చూశాను. దాని తడిసిన స్నీకర్లు, మామ్మ జత పక్కన, వేళ్ళు వీధివైపు తిరిగి ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో వచ్చి, పైన తన గదిలో తల తుడుచుకుంటోంది.

అలా తిప్పిపెట్టమని దానికి నేనెప్పుడూ చెప్పలేదు.